తాతయ్య పేము కుర్చీలు పాత సామానుకి ఇచ్చేయమంటున్నారు, ఏం చేయను?

వైజాగ్ మహారాణిపేటలో తాతయ్య ఇల్లు ఖాళీ చేస్తున్నాం. ఆయన పోర్టులో పనిచేసినప్పుడు, 1960ల్లో చేయించిన టేకు కుర్చీలు నాలుగున్నాయి. కాళ్లు వాలుగా ఉంటాయి, సీటు పేము అల్లిక. రెండింటికి అల్లిక తెగిపోయింది. ఇంట్లోవాళ్లు వీటిని వదిలించుకుని సోఫా సెట్ కొందామంటున్నారు, నాకేమో మనసొప్పడం లేదు. నెట్‌లో చూస్తే అచ్చం చండీగఢ్ కుర్చీల్లా ఉన్నాయి. నిజంగా విలువైనవేనా, తాతయ్యవి కాబట్టి నాకలా అనిపిస్తోందా?

జవాబు 1:
దయచేసి ఇవ్వకండి. అసలు చండీగఢ్‌వి అయ్యుండవు, ఆ తీరు చూసి ఇక్కడి వడ్రంగే చేసుంటాడు, అయినా సరే. 1950ల్లో ఆ నగరం కడుతున్నప్పుడు పియర్ జెన్నరే అనే ఆర్కిటెక్ట్ అక్కడి ఆఫీసుల కోసం టేకు, పేముతో కుర్చీలు గీశాడు. మన వైజాగ్ ఉక్కపోతలో స్పాంజి సోఫా మీద పది నిమిషాలు కూర్చుంటే చొక్కా వీపుకి అతుక్కుపోతుంది, పేములోంచైతే గాలి ఆడుతుంది. ఆ అసలు కుర్చీల్ని కూడా ఒకప్పుడు తుక్కు కింద వేలం వేసేశారు, తర్వాత విదేశాల్లో అవే లక్షలు పలికాయి.

జవాబు 2:
ఆ కాలం డిజైనర్లంటే నాకు అమెరికాకి చెందిన ఈమ్స్ దంపతులు గుర్తొస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన నావికుల కాళ్లకి ఆసరాగా కట్టడానికి ప్లైవుడ్‌ని వంచి కట్టుబద్దలు తయారుచేశారు, ఆ నేర్చిన పనితోనే తర్వాత ఇళ్లలోకి కుర్చీలు తెచ్చారు. 1958లో మన దేశమంతా తిరిగి రాసిన నివేదికలో వాళ్లు అన్నిటికంటే మెచ్చుకున్న వస్తువేంటో తెలుసా? చెంబు! పట్టుకోవడానికి, ఒంపడానికి, చంకన పెట్టుకోవడానికి ఎలా కుదిరిందో అంత శ్రద్ధగా చూశారు. ఆ నివేదిక వల్లే 1961లో అహ్మదాబాద్‌లో డిజైన్ సంస్థ వచ్చింది. ఇల్లు సర్దేటప్పుడు చెంబులు కూడా చూసుకోండి.

జవాబు 3:
నేను ఎంవీపీ కాలనీలో టైలరింగ్ చేస్తాను. బట్టల్లోనూ ఇదే కథ. అమెరికాలో క్లెయిర్ మెకార్డెల్ అనే ఆవిడ 1942లో ఇంటిపనికి పాపోవర్ అని ఒక డ్రెస్ చేసింది, చుట్టి కట్టేసుకోవడమే, పెద్ద జేబు, ధర 6.95 డాలర్లు. వంట చేసే మనిషికి కూడా జేబు కావాలని ఆలోచించింది చూడండి, నాకదే ఇష్టం. నా దగ్గర కుట్టే ప్రతి నైటీకి అడక్కుండానే జేబు పెడతాను.

జవాబు 1 (మళ్లీ):
ఒక్క మాట, మేకులు తుప్పు పట్టుంటే ఇత్తడి స్క్రూలు వేయించండి, సముద్రపు గాలికి ఇనుము ఆగదు. పైన మెరిసే వార్నిష్ మాత్రం వద్దు.

అడిగినవారు:
అందరికీ థాంక్స్. అమ్మకి ఇదంతా చదివి వినిపించాను, నాలుగూ ఉంచేద్దామంది. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల పేము అల్లేవాళ్లు ఎవరైనా ఉన్నారా?