రెండో తరగతి పాపకు ఎనిమిది సబ్జెక్టులు, ఆదివారం సాయంత్రం కడుపునొప్పి: బడి మార్చాలా?

హనుమకొండ అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి హనుమకొండలోని ఒక ప్రైవేటు ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి చదువుతోంది. ఇంటికి దగ్గర, బస్సు ఎక్కించనక్కర లేదు, ఫీజు బరువే అయినా మోయలేనంత కాదు అనుకొని ఎల్‌కేజీలోనే అక్కడ చేర్పించాము. మొదటి తరగతి దాకా నాకు చెప్పుకోదగ్గ ఫిర్యాదేమీ లేదు. ఈ జూన్‌లో మాత్రం బడి వారు కొత్త పాఠ్యప్రణాళిక అంటూ ఒక రంగుల పుస్తకం చేతికిచ్చి, తెలుగు, హిందీ, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం, జీకే, కంప్యూటర్‌లకు తోడుగా ఒలింపియాడ్ ఫౌండేషన్ (ఒలింపియాడ్ పోటీ పరీక్షలకు తయారీ) అనే ఎనిమిదో సబ్జెక్టును కూడా చేర్చారు. ప్రతి శనివారం స్లిప్ టెస్టు పెడతారు. ఆ మార్కులు రాత్రికల్లా వాట్సాప్ గ్రూపులో అందరికీ కనిపిస్తాయి. సోమవారం ఉదయం ఆ మార్కుల వరుసలోనే పిల్లలను బెంచీల మీద కూర్చోబెడతారు.

జూలై చివరి నుంచి పాపకు ఆదివారం సాయంత్రమయ్యేసరికి కడుపునొప్పి మొదలవుతోంది. సెలవు రోజుల్లో ఆ ఊసే ఉండదు. మంచినీళ్ల సీసా ఉదయం ఎలా నింపి పంపానో సాయంత్రం అలాగే తిరిగి వస్తోంది. పోయిన నెల పాత పేపర్లు కొనే అతను వచ్చినప్పుడు అతని కొక్కెం తక్కెడకు పాప బడిసంచి తగిలించి చూస్తే 4.6 కిలోలు తూగింది. పాప బరువు 20 కిలోలు.

చదువు సంగతికి వస్తే, పదహారో ఎక్కం గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది. కిరాణా కొట్లో 32 రూపాయల సామాను కొని 50 రూపాయల నోటిచ్చి, మనకు తిరిగి ఎంత రావాలమ్మా అని అడిగితే మాత్రం నా ముఖం వంక చూస్తుంది. మా అత్తగారు, మా కాలంలో దెబ్బలు తిని చదువుకోలేదా అంటారు. మా వారు ఏడాది ఫీజు కట్టేశాం కదా, ఏప్రిల్ దాకా చూద్దాం అంటున్నారు. ఒక బడి పాఠ్యప్రణాళిక మంచిదో కాదో చదువు చెప్పే వృత్తిలో లేని నాలాంటి వాళ్లు ఎలా తెలుసుకోవాలి? ఆ నొప్పికి బడే కారణమా? ఏడాది మధ్యలో మార్చడం పాపకు మరింత కష్టమవుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ బడుల్లో చిన్న తరగతులకు చెప్పినవాడిని. సర్కారు బడి పంతులు ప్రైవేటు బడిని తప్పుపట్టడం మామూలే కదా అని ఎవరైనా అనవచ్చు. నా మనవలిద్దరూ ప్రైవేటు బడిలోనే చదువుతున్నారు కనుక ఆ మాట సగమే నిలుస్తుంది.

ముందు సబ్జెక్టుల లెక్క చూద్దాం. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు భాష, గణితం తప్ప వేరే సబ్జెక్టులు పెట్టవద్దనీ, ఇంటిపని ఇవ్వవద్దనీ, బడిసంచి 1.5 కిలోలు మించరాదనీ 2018 నవంబరులో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు సూచనలు పంపింది. 2020లో వచ్చిన బడిసంచి విధానం, సంచి బరువు పిల్లవాడి బరువులో పదో వంతుకు మించకూడదన్నది. మీ పాప విషయంలో అది రెండు కిలోలు. మీ తక్కెడ చూపింది దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. ఈ సూచనలు చాలా బడుల్లో ఫైలు దాటి తరగతి గదిలోకి రాలేదన్నది వేరే విషయం.

భాష, గణితం రెండే ఎందుకు అంటే, ఏడేళ్ల పిల్లకు వాన, సంత, చెరువు, ఇంట్లో పెద్దవాళ్లు చేసే పనులు అన్నీ భాషా పాఠంలోనే చెప్పవచ్చు. వాటికి వేరే పుస్తకం, వేరే నోటుబుక్కు, వేరే పరీక్ష అవసరం లేదు. అర్థం చేసుకుంటూ చదవడం, చిన్న లెక్కలు చేయడం పిల్లలందరికీ మూడో తరగతి ముగిసేలోగా రావాలని 2021లో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం లక్ష్యంగా పెట్టుకుంది. ఆ పునాది పడటానికి అన్నేళ్లు పడుతుందని దేశం ఒప్పుకున్నాక, దాని మధ్యలోనే ఒలింపియాడ్ మెట్లు కట్టడం గోడ ఆరకముందే సున్నం వేయడం లాంటిది. మీ బడి వారి ప్రణాళిక ముందుకు పరుగెత్తుతోంది, సరే. పిల్లలు దాని వెంట వస్తున్నారా అన్నదే చూడాలి.

అది మీరు ఇంట్లోనే చూడవచ్చు. పాఠ్యపుస్తకంలో లేని ఒక చిన్న కథ ఇచ్చి పైకి చదవమనండి. ఒత్తుల దగ్గర తడబడితే కంగారు పడకండి, రెండో తరగతిలో అది సహజమే. చదివాక తన మాటల్లో చెప్పమనండి. పుస్తకం మూశాక కథ నడిస్తే చదువు వస్తున్నట్టే. అగ్గిపుల్లలు ఇచ్చి 32 చూపించమనండి. పదేసి పుల్లల కట్టలు మూడు, విడి పుల్లలు రెండు పెట్టిందా, లేక ఒక్కొక్కటీ లెక్కపెడుతూ పోయిందా అన్నది ఎక్కాల కన్నా ఎక్కువ చెబుతుంది. తిరిగి రావలసిన 18 రూపాయలు చెప్పలేకపోవడం తెలివితక్కువతనం కాదు. ముప్పై రెండంటే మూడు పదులు, రెండు ఒకట్లు అని ఎవరూ చేతితో చూపించలేదని అర్థం. నోటుపుస్తకం కూడా తిరగేయండి. ‘మా ఊరు’ గురించి నలుగురు పిల్లలూ ఒకే అయిదు వాక్యాలు రాసి ఉంటే అవి బోర్డు మీది వాక్యాలు.

మార్కుల ప్రకారం బెంచీలు వేయడం నాకు అన్నిటి కన్నా బాధ కలిగించింది. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. 29వ సెక్షన్ ప్రకారం పాఠ్యప్రణాళిక పిల్లలను భయం, ఆందోళనల నుంచి దూరంగా ఉంచాలి. అంటే పిల్ల భయపడకుండా ఉండటం పాఠ్యప్రణాళికలో భాగమే. చదువు బాగుంది కానీ పిల్ల భయపడుతోంది అనే మాటను చట్టమే ఒప్పుకోదు.

ఒక తండ్రి, వరంగల్

మాస్టారి మీద గౌరవంతోనే ఒక మాట. మా పెద్దవాడు ఇలాంటి బడిలోనే చదివాడు, మొదట్లో ఏడ్చాడు, తరువాత అలవాటు పడ్డాడు, ఇప్పుడు ఎనిమిదో తరగతిలో బాగానే ఉన్నాడు. రేపు ఇంటర్‌లో, ఎప్‌సెట్‌లో (ఇదివరకటి ఎంసెట్) పోటీ ఎలాగూ తప్పదు. చిన్నప్పటి నుంచి ఆ వేగం అలవాటు కావడంలో తప్పేముంది? అందరూ బడినే అంటున్నారు, ఇంట్లో కొంచెం కూర్చోబెట్టి చదివిస్తే సగం సమస్య తీరుతుంది.

మాజీ ప్రైమరీ టీచర్

నేను ఆరేళ్లు రెండు ప్రైవేటు బడుల్లో ఒకటి నుంచి మూడో తరగతి దాకా చెప్పాను కనుక లోపలి నుంచి చూసిన సంగతి రాస్తున్నాను. ఏ రోజు ఏ పేజీ పూర్తి కావాలో మాకు ముందే ఒక షెడ్యూలు వచ్చేది. పిల్లలకు అర్థం కాలేదని ఒక పాఠం దగ్గర మరో రోజు ఆగితే, పేజీ ఎందుకు మిగిలిందని కోఆర్డినేటర్‌కు సంజాయిషీ రాసి ఇవ్వాలి. నా తరగతిలో 42 మంది. రోజుకు తలా ఐదు నోటుపుస్తకాలు దిద్దాలంటే 210. అన్ని పుస్తకాల్లో ఎర్ర సిరాతో టిక్కులు పెట్టే మనిషికి, మూడో వరుసలో ఒక పిల్ల పొద్దుటి నుంచి నీళ్లు తాగలేదని కనబడదు. ఇది నన్ను నేను సమర్థించుకోవడానికి చెప్పడం లేదు, నాకూ కనబడలేదు.

వరంగల్ తండ్రిగారు అన్నదానిలో ఒక నిజం ఉంది. బడి ఒక్కటే ఇలా చేయడం లేదు. ఒకసారి మేము రెండో తరగతికి ఇంటిపని ఆపి చూశాము. నెల తిరగకుండానే తల్లిదండ్రులు వచ్చి, పక్క బడిలో అప్పుడే గుణకారాలు చేయిస్తున్నారట, మీరు ఏమీ చెప్పడం లేదా అని అడిగారు. కరస్పాండెంట్ మరుసటి సోమవారం నుంచే ఇంటిపని మళ్లీ మొదలుపెట్టించారు. అయితే అలవాటు పడ్డాడు అన్న మాట దగ్గర నేను ఆగుతాను. నా తరగతిలో అలవాటు పడిన పిల్లలు చాలామంది ప్రశ్నలు అడగడం మానేసిన పిల్లలే. వాళ్లు అల్లరి చేయరు కనుక మాకు మంచి పిల్లలుగా కనిపించేవారు.

మీకు నా సూచన ఏమిటంటే, పేరెంట్స్ మీటింగ్‌లో అందరి ముందు కాకుండా, మామూలు రోజున బడి వదిలాక క్లాస్ టీచర్‌ను ఒంటరిగా కలవండి. బడి బాగాలేదు అనకండి. వర్క్‌బుక్కులు తరగతిలోనే ఉంచుకోవచ్చా, ఒలింపియాడ్ తప్పనిసరా, ఇంటర్వెల్‌కు ముందు మరుగుదొడ్డికి వెళ్లనిస్తారా, గేమ్స్ పీరియడ్ నిజంగా ఆటకే పోతోందా అని ఒక్కొక్కటిగా అడగండి. టీచర్ చేతిలో ఉన్నవి ఆవిడే సరిచేస్తుంది. చేతిలో లేనివేవో మీకు తెలుస్తాయి, వాటి కోసమే ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్లండి. జూన్ నుంచి ఇప్పటికి ఆ తరగతికి ఎంతమంది టీచర్లు మారారో కూడా కనుక్కోండి. టీచర్లు నిలవని బడిలో ఎంత గొప్ప ప్రణాళిక ఉన్నా అది కాగితం మీదే ఉంటుంది.

పిల్లల వైద్యురాలు

చదువు గురించి పైవారు చెప్పారు, నేను నొప్పి వరకే చెబుతాను. పాప నటిస్తోందని మాత్రం ఇంట్లో ఎవరూ అనవద్దు. ఆందోళన వల్ల వచ్చే కడుపునొప్పి నిజమైన నొప్పే. సాధారణంగా బొడ్డు చుట్టూ వస్తుంది, సెలవుల్లో తగ్గుతుంది. అయితే అదే కారణమని మీరే తేల్చుకోకండి. రోజంతా నీళ్లు తాగకుండా, మరుగుదొడ్డికి వెళ్లకుండా ఆపుకొనే పిల్లల్లో మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ తరచూ కనిపిస్తాయి, వాటి వల్లా కడుపునొప్పి వస్తుంది. ఒకసారి డాక్టరుకు చూపించి మూత్ర పరీక్ష చేయించండి. నొప్పితో రాత్రి నిద్రలో లేవడం, బరువు తగ్గడం, జ్వరం, పదే పదే వాంతులు, మలంలో రక్తం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయవద్దు. ఈ వయసు పిల్లలకు రోజుకు కనీసం తొమ్మిది గంటల నిద్ర, గంటసేపు ఒళ్లు అలిసే ఆట కావాలి. హోంవర్క్ వీటిలో దేన్ని తినేస్తోందో ఒక వారం రాసి పెట్టి చూడండి.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

వరంగల్ మిత్రులకు: పోటీ ఉందని నేనూ ఒప్పుకుంటాను. ఎప్‌సెట్ రాయబోయేది పదిహేడేళ్ల పిల్ల, ఇక్కడ కూర్చున్నది ఏడేళ్ల పిల్ల. పదేళ్ల ముందే పరుగు మొదలుపెట్టిన పిల్లలు ఇంటర్‌కు వచ్చేసరికి పుస్తకమంటేనే మొహం చాటేయడం మా ఊళ్లో కళ్లారా చూశాను.

అమ్మా, ఏడాది మధ్యలో మార్చడం గురించి అడిగారు, పైన రాయడం మరిచాను. ప్రభుత్వ బడికి మార్చాలనుకుంటే విద్యాసంవత్సరం మొదలైనా చేర్చుకోవాలనే చట్టం చెబుతోంది, టీసీ ఆలస్యమైందని ప్రవేశం నిరాకరించడానికి వీల్లేదు. కాబట్టి దారి మూసుకుపోతుందన్న తొందరలో నిర్ణయం తీసుకోకండి.

హనుమకొండ అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. బతుకమ్మ సెలవుల్లో ఒక్క రోజు కూడా నొప్పి రాలేదు. డాక్టరు చూసి మలబద్ధకమేనన్నారు, మందు ఇచ్చారు, మూత్ర పరీక్షలో ఏమీ లేదు. అగ్గిపుల్లల పరీక్ష పెట్టాను. మాస్టారు చెప్పినట్టే ముప్పై రెండు పుల్లలూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. కట్టలు కట్టడం నేర్పాక నాలుగు రోజులకు కొట్లో చిల్లర లెక్క తనే చెప్పింది, కొట్టు ఆయన ఒక చాక్లెట్ కూడా ఇచ్చాడు.

సెలవుల తరువాత క్లాస్ టీచర్‌ను కలిశాను. పాపం, జూన్ నుంచి ఆవిడ మూడో టీచరట. వర్క్‌బుక్కులు తరగతిలోనే ఉంచడానికి వెంటనే ఒప్పుకుంది, సంచి ఇప్పుడు మూడు కిలోల లోపుకు వచ్చింది. క్లాసు మధ్యలో అడగడానికి పాప భయపడుతోందని చెబితే, ఇంటర్వెల్‌కు ఐదు నిమిషాల ముందు ఆయమ్మను తోడిచ్చి పంపుతానంది. ఒలింపియాడ్ తప్పనిసరి కాదని ప్రిన్సిపాల్ గారు చెప్పారు, మానిపించాను. బెంచీల పద్ధతి మాత్రం మార్చరట, మిగతా తల్లిదండ్రులు అడగడం లేదన్నారు. మా సెక్షన్‌లో మరో ముగ్గురు తల్లులతో కలిసి ఒక ఉత్తరం రాసి ఇచ్చాము, ఇంకా జవాబు రాలేదు.

ఏప్రిల్ దాకా ఇక్కడే ఉంచుదామని ప్రస్తుతానికి అనుకున్నాము. ఈలోగా హనుమకొండ, కాజీపేట వైపు, తల్లిదండ్రులను ఒక పూట తరగతి గదిలో వెనక కూర్చొని చూడనిచ్చే బడి, ప్రైవేటైనా సర్కారుదైనా, ఏదైనా ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి. సంక్రాంతి సెలవుల లోపు వెళ్లి చూసి రావాలని ఉంది.