సమస్య: “చెరిపివేయువాడె చేయు సృష్టి”

ఈసారి సమస్యగా ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలూ సభ్యులు రాసి పూరించాలి. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందన్న పాత చాటువులా ఉలిక్కిపడేలా చేసేది కాదు, చూడ్డానికి సాధువే. కానీ చెరపడానికీ సృష్టికీ ఉన్న పేచీని మూడు పాదాల్లో తీర్చాలి. ప్రాస (పాదాల రెండో అక్షరాలు కలవడం) నియమం లేదు. యతి (పాదం మొదటి అక్షరంతో పొసగడం) మాత్రం నాలుగో గణం, అంటే నాలుగో అక్షరాల గుంపు, మొదటి అక్షరానికి తప్పదు. ‘సృ’ సంయుక్తాక్షరం కాదు గనుక దాని ముందున్న ‘యు’ లఘువే (పొట్టి అక్షరమే), గురువు కాదు, ఆ టెన్షన్ వద్దు.

తొలి పూరణ

రాతిలోన నున్న రమణీయ రూపమ్ము
పైని పొరల తీయ బయటపడును
ఉలిని పట్టు శిల్పి యొకటియు కలుపడు
చెరిపివేయువాడె చేయు సృష్టి

సమీక్ష: శిల్పి వస్తాడని అనుకుంటూనే ఉన్నాను, అందరికంటే ముందే వచ్చేశాడు! ధార బాగుంది. ‘ఒకటియు కలుపడు’ పద్యానికి ప్రాణం. అయితే శిల్పి చెక్కుతాడండీ, చెరపడు. చెరిపినచోట మళ్ళీ రాసుకోవచ్చు. ఉలి దెబ్బకు ఆ వెసులుబాటు లేదు.

పూరించినవారు: నిజమేనండీ. మొదట తట్టిన ఊహ కదా, వదలబుద్ధి కాలేదు.

రెండో పూరణ

పలకమీద బొమ్మ పాప గీసెను మురిసి
ఎంగిలద్ది తుడువ నేనుగాయె
తొండమంత చెరుప తూనీగగా మారె
చెరిపివేయువాడె చేయు సృష్టి

సమీక్ష: ఏనుగు తూనీగ కావడం చదివి పైకే నవ్వాను. పిల్లలకు తప్పు గీశామన్న బెంగ ఉండదు, పేరు మార్చేస్తారంతే. ఇక లెక్క చూద్దాం. మొదటి పాదంలో ‘పాప గీ’ రగణం (గురువు, లఘువు, గురువు) సరే, ‘సెను మురిసి’ అయిదు లఘువులు. ఈ చోట రావలసిన ఇంద్రగణాల్లో అలాంటిది లేదు. ‘గీసె మురిసి’ అంటే చివరి ‘సె మురిసి’ నలం (నాలుగు లఘువులు) అవుతుంది. పైగా ‘పాప’ అని మొదలుపెట్టి ‘వాడె’తో ముగిస్తే లింగం పొసగదు. ‘బాబు గీసె మురిసి’ అనండి, ప–బ లకు యతి చెల్లుతుంది.

మరో సభ్యురాలు: ‘తుడువ నేనుగాయె’ గబగబా చదివితే తుడిచాక ‘నేను’ అయినట్టుంది! అదీ ఒక అర్థమే లెండి.

మూడో పూరణ (పై సభ్యురాలిదే)

నిన్న పడిన నింద నేటికి మోసిన
రేపు వచ్చి నిలువ రేవు లేదు
మనసు పలకపైన మరపను గుడ్డతో
చెరిపివేయువాడె చేయు సృష్టి

సమీక్ష: రేపు, రేవు – ఒక్క అక్షరం మార్పుతో ఎంత దూరం తీసుకెళ్ళారమ్మా! నాకున్న పేచీ గుడ్డతోనే. మరపు మన చేతిలో ఉండే వస్తువా? మరిచిపోవాలని కూర్చుంటే ఆ నింద వేసినవారి గొంతుతో సహా గుర్తొస్తుంది. మరపు దానంతటది రావలసిందే. ‘చెరిపివేయువాడు’ ఎవరో ఈ పద్యంలో తేలలేదు.

సభ్యురాలు: కాలుడే అనుకోండి గురువుగారూ. ఆయన పుంలింగమేగా!

ఈ సమర్థనకు నా దగ్గర జవాబు లేదు.

నాలుగో పూరణ

కోపమందు రాసి కొట్టివేసిన మాట
చెలిమి నిలుపు, పంప చెడును పొత్తు
వేలు సెండు మీద వేయకముందుగా
చెరిపివేయువాడె చేయు సృష్టి

సమీక్ష: ఫోనులో నొక్కే ఇంగ్లిషు ‘సెండు’ పద్యంలో హాయిగా ఒదిగింది. అర్ధరాత్రి ఇంత పొడుగున టైపు చేసి, ఒక్కో అక్షరం వెనక్కి చెరుపుకుంటూ వచ్చి, చివరికి ‘సరే’ అని మాత్రం పంపినవాణ్ణి కనుక నాకు బాగా తగిలింది. కానీ చూడండి, ఉన్న చెలిమి నిలిచింది, కొత్తగా ఏదీ పుట్టలేదు. ఇది స్థితి, విష్ణువుగారి శాఖ. సమస్య అడిగింది బ్రహ్మగారిని. ‘ముందుగా’లో ‘గా’ కూడా ఊరికే వచ్చి కూర్చుంది.

పూరించినవారు: ‘గా’ తీస్తే గణం కూలుతుందండీ, దాన్ని ఉండనివ్వండి. మిగతాది సవరించాను:

కోపమందు రాసి కొట్టివేసిన చోట
కొత్త మాట పుట్టు, కూర్మి పుట్టు
వేలు సెండు మీద వేయకముందుగా
చెరిపివేయువాడె చేయు సృష్టి

సమీక్ష: ‘మాట’ను ‘చోట’ చేయగానే పద్యం మారిపోయింది. ఖాళీ చోటు కనిపిస్తోంది, అందులో ఏదో మొలుస్తోంది. ‘పుట్టు’ మాత్రం రెండుసార్లు పడింది.

పూరించినవారు: దాన్నీ చెరపమంటారా?

వద్దు, వద్దు. ఉండనివ్వండి.