గోదాం కాపలా కుక్క ఖర్చు వ్యాపార ఖర్చేనా?

మిల్లుగేటు: మిర్యాలగూడలో రైస్ మిల్లు, ప్రొప్రైటర్ పేరు మీదే ఉంది. కాపలాకి జర్మన్ షెపర్డ్. కొన్నది 25,000కి. తిండి, టీకాలు, డాక్టరు కలిపి నెలకు 4,000. ఆడిటర్ గారు సొంత ఖర్చని కొట్టేశారు. వాచ్‌మన్ జీతం రాసినప్పుడు కుక్కది ఎందుకు రాయకూడదు?

పద్దుపుస్తకం: రెండు లెక్కలూ కలపకండి. కొన్న ధర మూలధన ఖర్చు, వ్యాపార ఖర్చుల సెక్షన్ 37(1)లో రాదు. తరుగుదలా లేదు, 43(3) ప్రకారం పశువులు (లైవ్‌స్టాక్) ప్లాంట్ కిందికి, అంటే వ్యాపారంలో వాడే పరికరాల కిందికి రావు. అయితే ఆ కుక్క చనిపోయినా, పనికి శాశ్వతంగా రాకుండా పోయినా, చేతికొచ్చింది తీసేసి మిగతా ధర ఆ ఏడాదే రాసుకోవచ్చు. 36(1) ఆరో క్లాజు అదే. తిండి, రేబిస్ టీకా మాత్రం 37(1)లో రాయొచ్చు, పూర్తిగా వ్యాపారం కోసమే అయితే. (ఇవి 1961 ఆదాయపు పన్ను చట్టం నంబర్లు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం.)

ఉప్పల్_బాబు: కుక్క లైవ్‌స్టాక్ ఎలా అవుతుంది సార్? బర్రెలూ గొర్రెలూ కదా.

పద్దుపుస్తకం: 36(1)లో ఉన్న మాట జంతువులు. అందులో కుక్క ఉంది.

ఉప్పల్_బాబు: నేనడిగింది 43(3) సంగతి.

చిన్నకొట్టు: చిన్న వ్యాపారులకున్న 44ఎడీ సెక్షన్‌లో అమ్మకాల మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన దానికి 6 శాతం లాభం చూపించేవాళ్లకి ఈ గొడవే లేదు. ఖర్చులన్నీ అందులోనే పోయినట్టు.

డాలస్_రావు: అమెరికాలో 2001 నాటి ఒక టాక్స్ కోర్టు కేసులో, స్క్రాప్ యార్డులో పాములూ ఎలుకలూ చేరకుండా పిల్లులకు పెట్టిన తిండి ఖర్చు చెల్లింది.

మిల్లుగేటు: విన్నారా? మా కుక్క పగలు వెనకున్న ఇంట్లో, రాత్రి మిల్లులో. సగమన్నా రాయాలి. కారుకి రాస్తున్నారుగా.

పద్దుపుస్తకం: కారుకి సగం 38(2) వల్ల వస్తుంది. అందులో భవనం, యంత్రాలు, ప్లాంట్, ఫర్నిచరే ఉన్నాయి. ఆ యార్డు పిల్లులు ఎవరింట్లోనూ పడుకోలేదు.

మిల్లుగేటు: అంటే వ్యాపారి ముందే దొంగ. ఇంటి ఏసీ కరెంటు బిల్లు మిల్లు ఖాతాలో కలిపేస్తే ఏ ఆడిటరూ నోరు మెదపడు. నాలుగు వేల కుక్క దగ్గర మాత్రం చట్టం గుర్తొస్తుంది.

పద్దుపుస్తకం: ఏసీ బిల్లు కలపడమూ తప్పే. ఆడిట్ రిపోర్టు 3సీడీ ఫారం 21(ఎ)లో సొంత ఖర్చులు విడిగా చూపించాలి, కింద సంతకం ఆడిటర్‌ది. మీరు నమ్మమంటున్నారు, ఆయన కాగితం అడుగుతున్నారు. తగువంతా అక్కడే ఉంది. సాక్ష్యం లేని ఖర్చు 270ఎ కింద తప్పుడు లెక్క, పన్నుకు 200 శాతం జరిమానా. ఏడాదికి 48,000 రాస్తే 30 శాతం స్లాబులో మిగిలేది 14,400. పట్టుబడితే ఆ పన్ను కట్టి, పైన 28,800.

మిల్లుగేటు: ఏ కాగితం కావాలో అది చెప్పండి మరి.

పద్దుపుస్తకం: బిల్లులన్నీ మిల్లు పేరిట, జీఎస్టీ నంబరుతో తీసుకోండి. ఒకరికి ఒక్క రోజులో 10,000 దాటి నగదు ఇస్తే 40ఎ(3) కింద ఆ ఖర్చు మొత్తం పోతుంది. టీకా కార్డు తీసి చూడండి: యజమాని గడిలో పిల్లల పేరు, కింద ఇంటి నంబరు ఉంటే అదొక్కటే చాలు కేసు పోవడానికి. ప్రొప్రైటర్ పేరు, మిల్లు చిరునామా రాయించండి. అన్నిటికన్నా ముందు కుక్కను మిల్లులోనే ఉంచండి.

మిల్లుగేటు: గేటు పక్కన దానికి గది కట్టిస్తే?

పద్దుపుస్తకం: భవనమే, 10 శాతం తరుగుదల. ఆ ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే సగమే.