బతుకమ్మ స్లైడ్ షో: ఏడో స్లైడు దగ్గర వేణువు ఆగాలి

స్లైడ్స్ (హన్మకొండ నుంచి): అందరికీ నమస్తే. అమ్మవాళ్లింట్లో కూర్చుని మన సద్దుల బతుకమ్మ ప్రోగ్రాం స్లైడ్లు తయారుచేస్తున్నా. మొత్తం 24. మొదటి ఆరింట్లో కోట, కీర్తితోరణాలు, వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు. వాటి వెనక మన పిల్లాడు వాయించిన వేణువు. ఏడోది రామప్ప. నా టెన్షనంతా అక్కడే. గుడిలో వేణుగోపాలుడి శిల్పాన్ని వేలితో తడితే సరిగమలు పలుకుతాయంటారు కదా, గైడు తట్టి చూపిస్తుంటే ఫోన్లో రికార్డు చేసుకొచ్చా. చాలా సన్నటి చప్పుడు. వెనక వేణువు మోగుతుంటే రాయి పలికింది ఎవరికీ వినబడదు.

పోయినసారి పెద్దాయన మైకు పట్టుకుని మాట్లాడుతున్నా పాట ఆగలేదు, గుర్తుందిగా? తప్పు నాదే. పవర్‌పాయింట్‌లో 'ప్లే ఇన్ బ్యాక్‌గ్రౌండ్' నొక్కేసి ఊరుకున్నా. అది నొక్కితే పాట స్లైడ్లు మారినా సాగుతుంది, అయిపోతే మళ్లీ మొదలవుతుంది. ఆగాల్సింది 999 స్లైడ్ల తర్వాత! ఈసారి యానిమేషన్ పేన్‌లో ఎఫెక్ట్ ఆప్షన్స్ తెరిచి ఆ 999ని 6 చేశా. పాట మొదలయ్యే స్లైడు కూడా లెక్కలోకి వస్తుంది. దయచేసి మధ్యలో ఎవరూ కొత్త స్లైడు దూర్చకండి.

ప్రోగ్రాం: చెల్లె, స్పాన్సర్ల స్లైడు మూడో దగ్గర పెట్టాలని కమిటీలో అనుకున్నాం కదా?

స్లైడ్స్: పెడితే 6ని 7 చేయాలి వదినా. నన్నడిగితే చివరికి తోసేయండి. కోట నుంచి గుడికి పోయే దారిలో బిర్యానీ హోటల్ లోగో ఎందుకు? ఇంకోటి, మీ యాంకరింగ్ పేపర్లో రామప్పను గణపతిదేవుడు కట్టించినట్టు ఉంది. కట్టించింది ఆయన సేనాని రేచర్ల రుద్రుడు, 1213లో. యునెస్కో గుర్తింపు 2021 అని సరిగ్గానే రాశారు.

హాల్ సౌండ్: వేణువు టక్కున తుంచినట్టు ఆగితే బాగుండదు. ఫేడ్ అవుట్ పెట్టరాదూ?

స్లైడ్స్: పెట్టి చూశా అన్నా. అది పాట చివర్లోనే పనిచేస్తుంది. స్లైడు మారి ఆగితే తుంచినట్టే ఉంటుంది. ఆరో స్లైడు రాగానే మిక్సర్ దగ్గర నువ్వే మెల్లగా తగ్గించు. ఏడోది వచ్చాక మళ్లీ పెంచడం మాత్రం మర్చిపోకు.

హాల్ సౌండ్: సరే. నాదొక మాట. ప్రొజెక్టర్‌కు హెచ్‌డీఎంఐ తగిలించగానే లాప్‌టాప్ సౌండ్ అటే పోతుంటుంది, మిక్సర్‌కు ఏమీ రాదు. కింద స్పీకర్ బొమ్మ నొక్కి హెడ్‌ఫోన్ ఔట్‌పుట్ ఎంచుకోవాలి. చార్జర్ పెడితే గుయ్యిమని మోగుతుంది కాబట్టి ఆ మోత రాకుండా లాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య పెట్టే డీఐ బాక్స్ తెస్తా. రాయి చప్పుడు దానంతట అదే మొదలవుతుందా?

స్లైడ్స్: లేదు, 'ఇన్ క్లిక్ సీక్వెన్స్' పెట్టా. వదిన మాట ముగించి తలూపాక రిమోట్ ఒకసారి నొక్కితే చాలు. 'వెన్ క్లిక్‌డ్ ఆన్' అయితే మౌస్‌తో స్పీకర్ బొమ్మ మీదే నొక్కాలి, చీకట్లో అదెక్కడ వెతుకుతాం? ఏదైనా తేడా కొడితే కీబోర్డ్ మీద ఆల్ట్, క్యూ కలిపి నొక్కు, ఆగిపోతుంది. ఆడియో అంతా ఫైల్లోనే ఉంది, వేరే ఫోల్డర్ అక్కర్లేదు. శుక్రవారం నీ లాప్‌టాప్‌లో ఒకసారి మొదటి నుంచి చివరిదాకా నడిపి చూడు. మధ్యలోంచి మొదలుపెడితే వేణువు రాదు, పాడైందనుకుని ఫోన్ చేస్తావు.

ప్రోగ్రాం: చివరి స్లైడుకు ఏం పెట్టావు?

స్లైడ్స్: ఎంగిలిపూల రోజు వేయిస్తంభాల గుడి దగ్గర ఆడవాళ్లు ఆడుతుంటే తీసిన చప్పట్లు, ఉయ్యాలో. నిమిషం పావు. మధ్యలో మా అమ్మ గొంతు వినిపిస్తుంది, "నా చెప్పులేడ పెట్టినవే" అని. ట్రిమ్ ఆడియోతో చివర్లు కోయొచ్చు కానీ మధ్యలోది తీయడానికి రాదు. వేరే యాప్‌లో వేసి కోయనా?

ప్రోగ్రాం: వద్దు చెల్లె, ఉండనీ.

హాల్ సౌండ్: ఆ ముక్క దగ్గర సౌండ్ కొంచెం పెంచుతా.