యాప్ చెప్పిన గత జన్మని ఎంతవరకు నమ్మొచ్చు? తెలిసినవాళ్ళు చెప్పండి

సంధ్య_గోదారి:
అందరికీ నమస్తే. ఇక్కడ జాతకాలు తెలిసినవాళ్ళు ఉన్నారని ధైర్యం చేసి అడుగుతున్నా. రోజూ రాశిఫలాలు చూసుకోడానికి ఫోన్లో ఒక జ్యోతిష్యం యాప్ వేసుకున్నా, అందులో ఈమధ్య గత జన్మ అని కొత్త సెక్షన్ వచ్చింది. పుట్టిన తేదీ, టైము, ఊరు ముందే ఇచ్చేసి ఉన్నా కాబట్టి నొక్కగానే వచ్చేసింది. నాది 1996 ఆగస్టు, రాత్రి పదకొండు ప్రాంతంలో, పుట్టింది నరసాపురంలో. మేష లగ్నం, శని కేతువు కలిసి పన్నెండో ఇంట మీనంలో ఉన్నారంట. దాన్నిబట్టి నేను పోయిన జన్మలో ఇల్లు వదిలేసిన సన్యాసినంట, నీళ్ళ ఒడ్డున ఒంటరిగా ప్రాణం వదిలానంట, అందుకే ఈ జన్మలో బంధాలు నన్ను కట్టిపడేయలేవంట.

చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే చిన్నప్పట్నుంచి గోదారికి ఎర్రనీళ్ళు వచ్చాయంటే చాలు నాకు లోపల ఏదో గుబులు, రేవు దాకా వెళ్ళి కూడా మెట్లు దిగలేను, మా వాళ్ళంతా దిగి ఆడుతుంటే నేను పైనే నిలబడి చూస్తుంటాను. ఇప్పుడు ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ఒక్కటీ మనసుకి ఎక్కట్లేదు, అదీ ఇదీ కలిపి చూస్తే యాప్ చెప్పింది నిజమేనేమో అనిపిస్తోంది. శాస్త్రంలో గత జన్మ చూసే పద్ధతి నిజంగా ఉందా, యాప్ చెప్పేది దాని ప్రకారమేనా? పూర్తి రిపోర్టుకి డబ్బులు కట్టమంటోంది, పరిహారాలు కూడా అందులోనే ఉంటాయంట. నన్ను నేను అర్థం చేసుకోవాలని గట్టిగా ఉంది, తేలిగ్గా తీసుకోకుండా చెప్పండి ప్లీజ్.

పంచాంగం_ప్రియుడు:
సంధ్య గారూ, పద్ధతి ఉందండి. పంచమాన్ని, అంటే జాతకంలో అయిదో ఇంటిని, పూర్వపుణ్య స్థానం అంటాం, దానితో పాటు తొమ్మిది, పన్నెండు ఇళ్ళు, కేతువు చూస్తాం. కానీ అసలు చూడాల్సింది షష్ట్యంశ, అంటే ఒక్కో రాశిని 60 ముక్కలు చేసి వేసే చక్రం. పరాశర హోర అనే జ్యోతిష గ్రంథంలో పదహారు వర్గాలకీ, అంటే రాశిని రకరకాలుగా భాగించి వేసే చక్రాలకీ, కలిపి 20 పాయింట్ల బలం చెప్తే అందులో షష్ట్యంశ ఒక్కదానికే 4, మనం రోజూ చూసే రాశి చక్రానికి 3.5, రాశిని తొమ్మిది భాగాలు చేసే నవాంశకి 3. అంత బరువు ఇచ్చారు దానికి. ఆ 60 ముక్కల్లో ఒక్కోటి అర డిగ్రీ, వాటికి ఘోర, రాక్షస, దేవ, కుబేర, యక్ష, కిన్నర ఇలా పేర్లుంటాయి. లగ్నం ఒక డిగ్రీ కదలడానికి సుమారు 4 నిమిషాలు పడుతుంది, అంటే 2 నిమిషాలకోసారి లగ్న షష్ట్యంశ మారిపోతుందన్నమాట. మీరేమో పదకొండు ప్రాంతం అంటున్నారు. ఆ ప్రాంతం అన్న మాటతో షష్ట్యంశ వెయ్యడం కుదరదండి, ఎంత పెద్ద పండితుడైనా సరే.

ఇంకోటి, యాప్‌లో ఊరు ఏది పడిందో ఒకసారి చూడండి. పశ్చిమ గోదావరి నరసాపురం ఉంది, మెదక్ జిల్లాలో నర్సాపూర్ ఉంది. రెండిటికీ రేఖాంశంలో మూడు డిగ్రీల పైన తేడా, అంటే స్థానిక కాలంలో 13, 14 నిమిషాలు, అంటే ఆరేడు షష్ట్యంశలు అటూ ఇటూ. అయనాంశ, అంటే రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో లెక్కకట్టే సవరణ, అది కూడా చూడండి. 1950ల్లో మేఘనాథ్ సాహా గారి క్యాలెండర్ సంస్కరణ కమిటీ సిఫార్సు చేసిన చిత్రపక్షం, దాన్నే లాహిరి అంటాం, ఎక్కువ యాప్‌లలో అదే ఉంటుంది. రామన్ అయనాంశ పెడితే దాదాపు ఒకటిన్నర డిగ్రీ తేడా వచ్చేస్తుంది. పాశ్చాత్య పద్ధతి యాప్ అయితే సాయనం, అంటే ఆ సవరణ లేని లెక్క, కాబట్టి మీ కేతువుని మీనంలో కాదు, మేషంలో చూపిస్తుంది. అప్పుడు అది చెప్పే గత జన్మ కథే వేరు.

కరీంనగర్_పోరడు:
అక్కా నాది 1996 నవంబర్. మీరు రాసింది చదివి నేను గూడ అదే యాప్ అనుకుంట వేసి చూసిన, నాకు గూడ సన్యాసే అని వచ్చింది, నీళ్ళ ఒడ్డున సచ్చిపోయినవ్ అనే మాట గూడ ఉంది. నా లగ్నం వేరే, సింహం. అయినా శని కేతు మీనంల ఉన్నరని అదే పేరా పెట్టిండు. నాకేమో ఒక్క పూట ఇంట్ల ఎవ్వరు లేకున్నా పానం ఉండబట్టది, పదిమంది ఉంటెనే నాకు అన్నం దిగుతది. మా క్లాసుల ఉన్నోళ్ళల్ల ఎక్కువ మందికి ఇదే ఉంటది గదా మరి?

పంచాంగం_ప్రియుడు:
ఉంటుంది తమ్ముడూ. కేతువు ఒక రాశిలో ఏడాదిన్నర ఉంటాడు, శని రెండున్నరేళ్ళు. 1996లో చాలా నెలలు ఇద్దరూ మీనంలోనే ఉన్నారు. ఆ నెలల్లో పుట్టినవాళ్ళందరికీ ఒకే గత జన్మ ఉండదు కదా. లగ్నం, పంచమాధిపతి, దశలు కలిపి చదివితేనే మనిషి మనిషికీ తేడా తెలిసేది, ఒక్క గ్రహస్థితి పట్టుకుని కథ రాసెయ్యడం శాస్త్రం కాదు. శాస్త్రం మీద గౌరవం ఉన్నవాళ్ళకి బాధ కలిగేది ఇక్కడే.

లలిత_డల్లాస్:
సంధ్యా, నేను సైకాలజీ చదువుకున్నాను, ఆ వైపు నుంచి చెప్తాను. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే ఆయన తన స్టూడెంట్స్‌కి ఒక పర్సనాలిటీ టెస్ట్ పెట్టి, ఇది నీ ఒక్కడి రిజల్టే అని ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చాడు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులో వాక్యాలు జ్యోతిష్యం పుస్తకం నుంచి తీసినవి. మీకు ఎంత సరిపోయింది అని 5కి మార్కులెయ్యమంటే సగటున 4.26 వేశారు. మన గురించే రాశారు అనుకుంటూ చదివితే మనమే ఖాళీలు నింపుకుంటాం, అది మనిషి తత్వం, అందులో తప్పేం లేదు.

అలాగని నువ్వు చదివింది పారేయమని చెప్పట్లేదు. ఆ పేజీలో పది వాక్యాలుంటే నీకు ఒళ్ళు జలదరించింది రెండింటికి, నీళ్ళూ, బంధాలూ. మిగతా ఎనిమిదీ నీకు గుర్తు కూడా లేవు చూడు. ఆ రెండూ ఒక నోట్‌బుక్‌లో రాసుకో. గత జన్మ అన్న మాట కాసేపు పక్కన పెట్టి, ఈ భయం మొదట ఎప్పుడు తెలిసింది, ఇంట్లో నీళ్ళ గురించి ఎవరు ఏం మాట్లాడేవాళ్ళు, సంబంధం వద్దనుకున్నప్పుడు సరిగ్గా ఏ మాట దగ్గర మనసు విరిగింది, ఇవి రాయి. యాప్‌తో నీకు నిజంగా పని జరిగేది ఇక్కడే.

అంతర్వేది_శారద:
తల్లీ, మాది మీ రేవుకి అవతలి ఒడ్డే. 1996 ఆగస్టు అంటున్నావు. ఆ నవంబర్ 6న తుఫాను వచ్చింది, కోనసీమ కొబ్బరితోటలు తోటలుగా పడిపోయాయి, జనం ఎంతమంది పోయారో. నీకప్పటికి మూడు నెలలు నిండుంటాయంతే. మీ అమ్మగారు ఆ రాత్రి పసిబిడ్డతో ఎక్కడున్నారో ఎప్పుడైనా అడిగావా? అంతకు పదేళ్ళ ముందు 86 ఆగస్టులో గోదారి వరద, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చిందది, ఆ కబుర్లు మా ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. పిల్లలు అన్నం తింటూ వింటూనే పెరుగుతారు.

గత జన్మలు లేవని నేననను. గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడితో నీకూ నాకూ ఎన్నో జన్మలు గడిచాయి, అవన్నీ నాకు తెలుసు, నీకు తెలియవు అంటాడు. అర్జునుడికే తెలియదన్నారు, ఫోన్‌కి ఎలా తెలుస్తుందమ్మా. ఇక పెళ్ళి సంగతి, నచ్చకపోతే నచ్చలేదని అమ్మానాన్నలకి సూటిగా చెప్పు, సన్యాసి యోగం అని మాత్రం చెప్పకు. ఆ మాట పడితే వాళ్ళు నిన్ను వినడం మానేసి దోష పరిహారాల చుట్టూ తిరుగుతారు.

సంధ్య_గోదారి:
అందరికీ చాలా థాంక్స్. శారద గారూ, మీరు చెప్పాక అమ్మని అడిగాను. మాకప్పుడు తాటాకిల్లంట, సాయంత్రానికే కప్పు లేచిపోతే నన్ను నాన్న తువ్వాల్లో చుట్టి చంకనేసుకుని నడుంలోతు నీళ్ళల్లో స్కూలు బిల్డింగ్‌కి పట్టుకెళ్ళారంట, అమ్మ వెనకాల నాన్న చొక్కా పట్టుకుని నడిచిందంట. ఆ చీకట్లో ఎక్కడో ఒక గేదె అరుస్తానే ఉందంట తెల్లారేదాకా. ఇన్నేళ్ళలో నాకెవరూ ఇది పూర్తిగా చెప్పలేదు. కానీ ఎర్రనీళ్ళు వచ్చినప్పుడల్లా అమ్మ గుమ్మం దగ్గర నిలబడి పిల్ల ఎక్కడ, పిల్ల ఎక్కడ అనడం మాత్రం నాకు బాగా గుర్తుంది, ఇప్పటికీ అంటుంది.

ఊరు కూడా చూశాను, మెదక్ వైపుదే పడి ఉంది, అది టైపు చేస్తుంటే మొదట వచ్చే పేరు. టైము సంగతేమో, ఆస్పత్రి కాగితం ఆ తుఫానులోనే పోయిందంట. పక్కనే సినిమా హాలు, సెకండ్ షో ఇంటర్వెల్‌కి జనం బయటికొచ్చినప్పుడు పుట్టావు, అదే లెక్క అంటోంది అమ్మ. ఇలా అయితే షష్ట్యంశకి దారే లేదా?

పంచాంగం_ప్రియుడు:
జన్మకాల శోధన అని ఒకటుందండి. చదువు, ఉద్యోగం, ఇంట్లో పెద్ద సంఘటనలు జరిగిన తేదీలు తీసుకుని దశలతో సరిచూసుకుంటూ టైముని దగ్గరికి తెస్తారు. అయినా రెండు నిమిషాల లోపలికి ఖచ్చితంగా వచ్చిందని ఎవరన్నా అంటే నేను నమ్మను. ఊరు సరిచేసి రాశి చక్రం, నవాంశ వరకు చూసుకోండి, నవాంశ లగ్నం కూడా 13 నిమిషాలకి అటూ ఇటూగా మారుతుంది కాబట్టి దాన్ని కూడా జాగ్రత్తగానే చదవాలి. రిపోర్టుకి డబ్బులు మాత్రం కట్టకండి, టైము లేకుండా ఇచ్చే షష్ట్యంశ ఫలితానికి విలువ లేదు.