అమ్మకి గొంతులోంచి ఎకో (గుండె స్కాన్) తీయాలట, చేయించుకున్నవాళ్లున్నారా?

మాది మదనపల్లె, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. అమ్మకి 52 ఏళ్లు. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చిందట, ఇప్పుడు పది మెట్లెక్కితే ఆయాసం. ఎకోలో మైట్రల్ వాల్వ్ (గుండెలో ఎడమవైపు కవాటం) తెరుచుకునే వైశాల్యం 1.1 చదరపు సెం.మీ. అని వచ్చింది. మామూలుగా 4 నుంచి 6 ఉండాలి. వాల్వ్ ఎంత పాడైందో చెప్పే విల్కిన్స్ స్కోరు 8, అంటే బెలూన్‌తో వాల్వ్‌ని వెడల్పు చేయడానికి పనికొచ్చే అంచు మీద ఉన్నట్టు.

ముందు గొంతులోంచి గొట్టం దించి ఇంకో ఎకో తీస్తారట. గుండె ఎడమ కర్ణికలో (పై గదిలో) రక్తం గడ్డ ఉంటే బెలూన్ అప్పుడే వేయరు. అమ్మకి మాత్ర మింగడమే గగనం. "నా గొంతులో పైపేంట్రా" అని నిన్నటి నుంచీ ఒకటే టెన్షన్, పెరుగన్నం కూడా సగం వదిలేసింది.

ఇది చేయించుకున్నవాళ్లు చెప్పండి: మత్తిస్తారా, స్ప్రే మాత్రమేనా? ఇదే స్కోరుతో బెలూన్ వేయించుకుంటే ఎన్నేళ్లు ఆగింది? సెకండ్ ఒపీనియన్‌కి ఇక్కడి జయదేవ గుండె ఆసుపత్రికి వెళ్దామనుకుంటున్నాం, ఓపీకి పొద్దున ఎన్నింటికి చేరాలి?