ఎంబీబీఎస్ అయ్యాక డిమెన్షియా రీసెర్చ్‌కి వెళ్తానంటే ఇంట్లో ఒప్పుకోవట్లేదు, ఇందులో ఉన్నవాళ్ళు ఎవరైనా చెప్పండి

వైనతేయగట్టు:

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు పక్క పల్లెటూరు. ఎంబీబీఎస్ అయిపోయింది, హౌస్ సర్జన్సీ కూడా అయిపోయింది, ఇప్పుడు పీజీ ఎంట్రన్స్‌కి చదువుకుంటూ ఇంటి దగ్గరే ఉన్నాను. ఉండబట్టే మా మామ్మని దగ్గర్నుంచి చూస్తున్నాను. ఆవిడకి ఎనభై దాటేయి. పుట్టిల్లు పాలకొల్లు అవతల. సాయంత్రం నాలుగయ్యేసరికి రెండు చీరలు మూట కట్టేసుకుని అరుగు మీద కూర్చుంటాది, "పంటు ఎల్లిపోద్దిరా, మీ నాన్నని బేగా రమ్మను" అంటాది. చించినాడ వంతెన పడ్డాక ఇటు గోదావరి దాటడానికి పంటు ఎక్కినవాళ్ళెవరండి, అయినా ఆవిడ పంటు ఆవిడకి ఉంది.

టౌన్లో ఒక డాక్టరు గారికి చూపిస్తే రెండు నిమిషాల్లో "వయసొస్తే అంతేనండి" అని బలం మాత్రలు రాసి పంపేసేరు. నాకు ఒళ్ళు మండి ఎంఎంఎస్ఈ అని, మతి ఎంత తగ్గిందో చూసే 30 మార్కుల ప్రశ్నల టెస్టు ప్రింట్ తీసుకుని నేనే కూర్చున్నాను. ఇవాళ తారీఖెంత మామ్మా అంటే "తారీఖులు నాకేం తెలుస్తాయిరా, ఏకాదశి ఎల్లి మూడో రోజు" అంది. క్యాలెండర్ చూస్తే కరెక్టే! ఒక వాక్యం రాయమనాలి, ఆవిడది వేలిముద్ర. ఐదు కోణాల బొమ్మ చూసి గియ్యమంటే పెన్సిల్ మళ్ళీ నా చేతిలోనే పెట్టేసి "ముగ్గేస్తాను గానీ ఇదేంట్రా" అంది. మొత్తానికి 30కి 11 వచ్చేయి. ఆ తగ్గినవాటిలో జబ్బు వల్ల తగ్గినవెన్నో, బడికి వెళ్ళకపోవడం వల్ల తగ్గినవెన్నో నాకు అంతుపట్టలేదు. అప్పట్నుంచీ మనసంతా దీనిమీదే ఉంది.

నాన్న ఏమో రేడియాలజీ వస్తే రేడియాలజీ చెయ్యి, భీమవరంలో స్కానింగ్ సెంటర్ పెట్టుకో, అంతగా కావాలంటే మీ మామ్మకి నువ్వే స్కాన్ తియ్యి అంటున్నారు. అసలు ఈ జబ్బు మీద జీవితాంతం పనిచేసే డాక్టరు రోజూ ఏం చేస్తారండి? ల్యాబులో ఎలకలతోనేనా? ఆ ఏకాదశి జవాబుకి మార్కు వెయ్యాలా వద్దా అన్నది కూడా చెప్పండి, నేనైతే సున్నా వేసేను.

తణుకు_టు_బెంగళూరు:

తమ్ముడూ, ముందు ఆ సున్నా కొట్టేసి మార్కు వెయ్యి. నవ్వులాటకి అనట్లేదు, నేను న్యూరాలజీలో ఉన్నాను, నువ్వు ఆ మార్కు దగ్గర ఆగిపోయేవు చూడు, ఈ రంగంలో కొంతమంది కెరీరంతా అక్కడే మొదలైంది. ఎంఎంఎస్ఈ 1975లో అమెరికాలో తయారు చేసింది, చదువుకున్నవాళ్ళని దృష్టిలో పెట్టుకుని. 1990ల్లో మేరీ గంగూలీ అనే డాక్టరు గారి టీమ్ హర్యానాలో బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసేటప్పుడు సరిగ్గా నీకొచ్చిన ఇబ్బందే వచ్చింది, అక్కడి పెద్దాళ్ళు చాలామంది బడి మొహం చూడలేదు. అందుకని ఆ టెస్టుని హిందీలో కొత్తగా కట్టేరు. ఇంగ్లీషు మాటకి స్పెల్లింగ్ వెనక్కి చెప్పమనే బదులు వారాల పేర్లు వెనక్కి చెప్పమన్నారు, వాక్యం రాయమనే బదులు మీ ఇంటి గురించి ఒక మాట చెప్పండి అన్నారు. ఆ టెస్టు చేతికొచ్చాకే అక్కడ అల్జీమర్స్, అంటే డిమెన్షియాల్లో ఎక్కువగా వచ్చే రకం, అమెరికా కంటే బాగా తక్కువ కనపడుతోందని లెక్క తేలింది. ఎందుకు తక్కువ అన్నదాని మీద ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారనుకో.

మన తెలుగువాళ్ళ మీద కూడా పెద్ద పని జరిగింది, చాలామందికి తెలీదు. న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి గారు హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మెమరీ క్లినిక్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా పేషెంట్ల రికార్డులు చూసేరు. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని 2013లో రాసేరు. బయటిదేశాల్లో రెండో భాషంటే ఎక్కువగా వలసొచ్చినవాళ్ళు, తేడా భాష వల్లా వలస వల్లా అని అనుమానం ఉండేది. మన హైదరాబాద్‌లో తెలుగు, ఉర్దూ, దక్కనీ, హిందీ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాళ్ళ నోట్లో ఉంటాయి కదా, అందుకే ఆ పేపర్‌కి అంత పేరొచ్చింది. పైగా చదువురాని వాళ్ళలో కూడా ఆ తేడా కనపడింది. ఆవిడ తర్వాత మా బెంగళూరు నిమ్హాన్స్‌కి వచ్చేరు. అక్కడ ఎలకలేం లేవు తమ్ముడూ, పేషెంటు పక్కన కూర్చున్న కూతురినో కోడలినో పట్టుకుని "మొదట ఎప్పుడు గమనించేరమ్మా" అని ఓపిగ్గా అడిగి రాసుకోవడమే.

జీవితాంతం అన్నావు కాబట్టి ఇంకొకాయన గురించి చెప్తాను, కొలంబియాలో ఫ్రాన్సిస్కో లొపేరా అనే న్యూరాలజిస్టు. 1980ల మొదట్లో ట్రైనింగ్‌లో ఉండగా 47 ఏళ్ళ మనిషి మతిమరుపుతో వచ్చేడు. అతని తండ్రికీ తాతకీ అదే అని తెలిసి ఈయన ఆ కొండల్లో ఊళ్ళ వెంట పడ్డాడు. చర్చిల్లో బాప్టిజం రిజిస్టర్లు తిరగేసి వంశవృక్షాలు గీసేరు. అంటే మన దగ్గర అయితే పెళ్ళిళ్ళ పేరయ్య చేసే పనే అన్నమాట. 1995లో తప్పు ప్రెసెనిలిన్ 1 అనే జీన్‌లో ఉందని తేలింది. అది ఉన్నవాళ్ళకి నలభై నాలుగు, నలభై ఐదేళ్ళకే మతి తగ్గడం మొదలవుద్ది. ఆ కుటుంబాల్లో జబ్బు ఇంకా రాని 252 మందితో క్రెనెజుమాబ్ అనే మందు ట్రయల్ 2013లో మొదలెట్టేరు, 2022లో ఫలితం వచ్చింది, మందు పనిచెయ్యలేదు. ఆ ఇళ్ళన్నిటికీ మళ్ళీ వెళ్ళి పనిచెయ్యలేదమ్మా అని చెప్పుకోవాలి కదా. కానీ అదే వంశంలో ఒకావిడ ఉంది, ఆ జీన్‌లో తప్పు ఉన్నా డెబ్బైలు వచ్చేదాకా బాగానే ఉంది. ఆవిడకి క్రైస్ట్‌చర్చ్ అనే ఇంకో అరుదైన జీన్ మార్పు ఉందని 2019లో పేపరొచ్చింది. ఇవాళ కొత్త మందుల కోసం దాని వెంటా పడుతున్నారు. లొపేరా 2024లో పోయేరు. జబ్బైతే ఉండనే ఉంది.

దారి అడిగేవు, జనరల్ మెడిసిన్‌లో ఎండీ చేసి డీఎం న్యూరాలజీ, లేదంటే సైకియాట్రీ ఎండీ. జీతం గురించి నాన్నగారికి అబద్ధం చెప్పకు, స్కానింగ్ సెంటర్ ముందు నిలవదు.

కొబ్బరాకు:

పైన సార్ అంత బాగా చెప్పేక చల్లనీళ్ళు పొయ్యడం ఇష్టం లేదు గానీ, నేను మందుల కంపెనీ వైపు పదేళ్ళ నుంచీ ఉన్నాను, రెండో వైపు కూడా వినాలి. 1906లో అల్జీమర్ గారు ఆ మొదటి పేషెంటు మెదడులో గడ్డల గురించి చెప్పేక 1984 దాకా ఆ గడ్డల్లో ఉన్న ప్రోటీన్ ఏంటో తేలలేదు. అది అమిలాయిడ్ అని తేలేక అందరూ దాన్ని కడిగేస్తే చాలనుకున్నారు. అలా వచ్చిందే లెకనెమాబ్ అనే మందు, 1795 మంది మీద ఏడాదిన్నర ట్రయల్, జబ్బు 27 శాతం నెమ్మదించింది అని పేపర్లో వేసేరు. వినడానికి ఎంతో ఉంటాది, కానీ జబ్బు ఎంత ముదిరిందో కొలిచే 18 పాయింట్ల స్కేల్ మీద తేడా 0.45. ఇంట్లో మామ్మని చూసుకునే మీ అమ్మగారికి ఆ తేడా కనపడుద్దా? నాకైతే అనుమానమే. మళ్ళీ 2006లో నేచర్‌లో వచ్చి వేలమంది నమ్మిన ఒక అమిలాయిడ్ పేపర్‌లో బొమ్మలు మార్చేరని గోల గోల అయి 2024లో వెనక్కి తీసేసుకున్నారు. రావద్దనట్లేదు బాబూ. మామ్మకి మందు కనిపెట్టేస్తానని మాత్రం రావద్దు.

పాలకొల్లు కోడలు:

నాకు రీసెర్చ్ సంగతి తెలీదు, మా అత్తగారిని ఆరేళ్ళు చూసుకున్నాను అందుకే రాస్తున్నాను. మీరు డాక్టరే గానీ అడుగుతాను ఏమనుకోకండి, మామ్మగారికి బీ12, థైరాయిడ్ చేయించేరా? చెవులు చూపించేరా? మా అత్తగారు ఏది అడిగినా వేరే జవాబు చెప్తుంటే మతి పోయిందనుకున్నాం, తీరా చూస్తే సగం వినపడకే. మిషన్ పెట్టేక జబ్బు పోలేదు కానీ మనిషి మళ్ళీ మాటల్లోకొచ్చింది. ఇంకోటి, పంటు లేదని వాదించకండి. "ఇవాళ ఏటిపోటు ఎక్కువుందట, పంటు ఆపేసేరు, రేపెల్దాం" అంటే మూట దించేస్తారు. మాకు ఇలాంటి మాటతోనే గడిచింది.

ఫిల్మ్‌బాక్స్:

మరేనండి, చెవుల మాట నిజం. 2024లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్ వాళ్ళ కమిషన్ డిమెన్షియాకి పద్నాలుగు కారణాలు చెప్పింది, వినికిడి, చూపు, బీపీ, షుగరు, చెడ్డ కొలెస్ట్రాల్ అన్నీ అందులో ఉన్నాయి, అవన్నీ సరిచేస్తే లెక్కప్రకారం 45 శాతం దాకా తప్పించొచ్చు లేదా వెనక్కి నెట్టొచ్చు అని. 

నేను రేడియాలజిస్టుని, అందరూ మమ్మల్ని విలన్లని చేసేస్తున్నారు కాబట్టి ఒక ముక్క. రేడియాలజీ చేసి కూడా డిమెన్షియాలోకి రావచ్చు. మెదడులో జ్ఞాపకాలకి ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే భాగం ఎంత కుంచించుకుపోయిందో చూసి చెప్పేది మేమే, పడిపోయిన ముసలాయనకి మెదడు మీద రక్తం గడ్డ ఉంటే మతిమరుపు కాదయ్యా ఆపరేషన్‌కి పంపండి అనేది మేమే. ఆ లెకనెమాబ్ ట్రయల్‌లో 12.6 శాతం మందికి మెదడులో వాపు లాంటిది కనపడింది, 17.3 శాతానికి చిన్న రక్తస్రావాలు. అందుకే ఆ మందు ఇచ్చేవాళ్ళకి మళ్ళీ మళ్ళీ ఎమ్మారై తియ్యాలి, చదివేవాడు లేకపోతే మందే ఇవ్వకూడదు.

వైనతేయగట్టు:

అందరికీ చాలా థాంక్సండి. బీ12కి రక్తం ఇచ్చి వచ్చేం. చెవిలో గుమిలి రాయిలా ఉంది, నేనే చూసి కూడా ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు, సిగ్గేసింది. మార్కు కూడా వేసేసేను, 12. వారాలు వెనక్కి చెప్పమంటే శనివారం దాకా బాగానే వచ్చి "శనివారం తలంటు" అని ఆగిపోయింది, దీనికెంత వెయ్యాలో తణుకు సార్ చెప్పాలి. నిన్న సాయంత్రం ఏటిపోటు మాట చెప్తే "మరి ముందే చెప్పొచ్చు కదరా" అని నన్నే తిట్టింది గానీ మూట దించేసింది.

ఈ థ్రెడ్ మొత్తం నాన్నకి చదవమని ఫోన్ ఇచ్చేను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చదివేరు. "రేడియాలజీ చేసి కూడా రావచ్చు" అన్న లైన్ దగ్గర వేలెట్టి, చూసేవా అని ఫోన్ ఇచ్చేసేరు.